అణు జీవశాస్త్రములో పై చదువు – రైతు కుటుంబములు తెలిసికొనవలసిన సంగతులు

బి.ఎస్‌సి. పూర్తిచేసిన పిల్లలను బయోటెక్నాలజీలో ఎమ్.ఎస్‌సి.కి పంపవచ్చునా యని అడుగు రైతులు నేడు చాల గ్రామములలో కలరు. అడిగినవారికి సామాన్యముగా రెండు విధములైన జవాబులు వచ్చుచుండును. రాబోవు కాలమంతయు ఆ శాస్త్రముదే కనుక వెంటనే చేర్పించుడని కొందరందురు. ఆ చదువు చదివినవారు తగిన ఉద్యోగము దొరకక మందుల కంపెనీల సంచి మోయుచున్నారని మరికొందరందురు. రెండు మాటలలోను నిజమున్నది. మీ బిడ్డ విషయమున వీటిలో ఏది నిజమగునను సంగతి పట్టా మీది పేరును బట్టి తేలదు. ఆ రెండేండ్లును ఎట్టి ప్రయోగశాలలో గడిచినవి, స్వయముగా ఎంత పని నేర్చినది అనువానిని బట్టి తేలును. కనుక చేర్పించుటకు ముందు ఆ పని ఎట్టిదో తల్లిదండ్రులకు కూడ కొంత తెలిసియుండుట మంచిది.

ప్రతి ప్రాణి కణములోను డి.ఎన్.ఏ. అను సన్నని పోగు కలదు. నాలుగే అక్షరములతో వ్రాసిన పొడవైన వ్రాత వంటిది అది. వరి మొక్క కణములో ఈ వ్రాత పండ్రెండు క్రోమోజోములుగా చుట్టబడి, మొత్తము ఇంచుమించు 39 కోట్ల అక్షరములుండును. మన దేశముతో సహా పది దేశముల శాస్త్రజ్ఞులు కలసి చదివి, 2005లో దీనిని ప్రకటించిరి. ఈ వ్రాతలో ఒక్కొక్క గుణమునకు కారణమగు భాగమునే జన్యువు అందుము. ఆ వ్రాతను చదువుట, అది కణములో ఎట్లు అమలగునో తెలిసికొనుట, వలసినచోట దిద్దుట – ఇదియే అణు జీవశాస్త్రము. ఆ తెలివిని విత్తనమునకో, టీకాకో, రోగ పరీక్షకో వినియోగించిన అది బయోటెక్నాలజీ యగును.

సాంబ మసూరి నేర్పిన పాఠము

మాటలతో చెప్పుటకన్న మన పొలములో పండిన ఉదాహరణము నొకటి చూతము. బాపట్ల పరిశోధన స్థానము నుండి 1986లో విడుదలయిన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి, ఎరుగని రైతు లేడు. గింజ సన్నము, అన్నము రుచి, బజారులో ధర – అన్నియు దానికి కలవు. లేనిది తెగులును తట్టుకొను శక్తి. బాక్టీరియా వలన వచ్చు ఆకు ఎండు తెగులు సోకినచో చేను తెల్లవారి పోవును; ఒకసారి ముదిరిన పిమ్మట మందు చల్లి నయము చేయుట సాధ్యము కాదు.

ఈ తెగులును తట్టుకొను జన్యువులు ఇతర వరి రకములలో కలవు. ఎక్స్‌ఏ-21 అనునది ఆఫ్రికా ఖండపు అడవి వరి నుండి వచ్చినది. ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 అను మరి రెండును కలవు. పంజాబులో ఈ మూడింటిని చేర్చి తయారుచేసిన వరి వంగడమును తెచ్చి, హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి.యును, రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంచాలకాలయమును కలసి సాంబ మసూరితో సంకరపరచినవి. ఆ రెండవ సంస్థయే ఇప్పటి భారత వరి పరిశోధన సంస్థ. ఫలితముగా వచ్చిన మేలైన సాంబ మసూరి 2008లో విడుదలయినది.

ఇందులో ప్రయోగశాల చేసిన సహాయమేమో లెక్కతో చెప్పిన బోధపడును. మొదటి సంకరములో సగము సాంబ మసూరి, సగము పరాయి రకము ఉండును. సన్న గింజ చెడకుండవలెనన్న ఆ సంకరమును మరల మరల సాంబ మసూరితోనే కలుపుచు పోవలెను. ఒక్కొక్కసారి కలిపినప్పుడెల్ల పరాయి భాగము సగమునకు తగ్గును. నాలుగు పర్యాయములు కలుపగా సగటున నూటికి మూడు వంతులు మాత్రమే మిగులును. కాని అట్లు తగ్గుచున్నప్పుడు మనకు కావలసిన మూడు జన్యువులు కూడ జారిపోవచ్చును గదా! ఒక్కొక్క జన్యువు నిలుచుటకు సగము అవకాశము. మూడును ఒకే మొక్కలో నిలుచుటకు ఎనిమిదింట ఒక వంతు. అనగా ప్రతి తరములోను నూరు నారు మొక్కలలో పండ్రెండో పదమూడో మాత్రమే పనికివచ్చునవి. అవి యేవి?

వెనుకటి పద్ధతిలో అయినచో, తెగులు కలుగజేయు సూక్ష్మజీవులు గల నీటిలో కత్తెరను ముంచి, ఆకు కొనలను కత్తిరించి, ఎండినదో లేదో రెండు మూడు వారములు చూడవలెను. ఆ పరీక్ష ఇచ్చట చాలదు. ఎక్స్‌ఏ-13, ఎక్స్‌ఏ-5 జన్యువులు అంతర్గతములు; తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండును వచ్చిననే గాని గుణము పైకి కనబడదు. సాంబ మసూరితో కలిపిన ప్రతి మొక్కలోను ఒక్క ప్రతియే యుండును కనుక జన్యువున్న మొక్కయు, లేని మొక్కయు కంటికి ఒకటే. డి.ఎన్.ఏ. పరీక్షకు మాత్రము ఈ మరుగు లేదు. నారుమడిలోనే చిన్న ఆకు ముక్క తీసి చూచినచో ఏ మొక్కను నాటవలెనో, దేనిని పారవేయవలెనో నాటుటకు ముందే తెలియును. కడపట మొక్కను దానితోనే ఫలదీకరింపజేయగా మూడు జన్యువులును రెండేసి ప్రతులుగా స్థిరపడిన మొక్క అరువదినాలుగింట ఒకటి వచ్చును. దానిని ఏరి తీయుటయు ఈ పరీక్ష పనియే.

జన్యువును గుర్తించుటకు వాడు డి.ఎన్.ఏ. ముక్కను మార్కరు అందురు. సర్వే రాయితో దీనిని పోల్చవచ్చును. రాయి పొలము కాదు. పొలము హద్దున నాటబడినది. రాయి దగ్గరగా నున్నంత వరకు దానిని చూచి పొలమును చెప్పవచ్చును. దూరముగా నున్నచో రాయి ఒకరి వాటాలోను, పొలము మరొకరి వాటాలోను పడవచ్చును. మార్కరు జన్యువునకు ఎంత దగ్గరనున్నదో తెలిసికొనకుండ వాడిన విద్యార్థి ఫలితము అట్లే తప్పును. గ్రామములో కొలతలు చూచిన అధికారులకు ఈ చిక్కు వేరుగా చెప్పనక్కరలేదు.

చేతితో నేర్చు విద్య

ఈ పరీక్షకు ఆధారమైన పి.సి.ఆర్. అను పద్ధతిని 1983లో అమెరికాలో కేరీ మల్లిస్ కనిపెట్టెను. 1993లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. 2020లో కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్.టి.-పి.సి.ఆర్. పరీక్ష దీని సోదరియే. అందులో వైరసు ఆర్.ఎన్.ఏ.ను ముందు డి.ఎన్.ఏ.గా మార్చుకొందురు. మిగిలినదంతయు ఒక్కటే. నాడు సి.సి.ఎం.బి. వంటి సంస్థలు పరీక్షలకు పూనుకొనగలిగినవన్న, అందులకు తగిన యంత్రములు, పని నేర్చిన వారు అప్పటికే అచ్చట ఉండుటయే కారణము. చేయి తిరిగిన వారిని వారము రోజులలో తయారుచేయుటకు వీలులేదు.

పద్ధతి చెప్పుటకు సులభము. ఆకు ముక్కను నూరి, రసాయనములతో డి.ఎన్.ఏ.ను వేరుచేసి, చిన్న గొట్టములో పోసి యంత్రములో పెట్టుదురు. సుమారు 95 డిగ్రీల వేడిలో పోగు రెండు పేటలుగా విడిపోవును. చల్లబరచగా మనము చేర్చిన చిన్న ముక్కలు తమకు సరిపోవు చోట అంటుకొనును. 72 డిగ్రీల వద్ద ఒక ఎంజైము ఆ ముక్కల నుండి క్రొత్త పేటను అల్లును. ఆ వేడికి చెడని ఈ ఎంజైము వేడినీటి బుగ్గలలో నివసించు సూక్ష్మజీవి నుండి లభించినది. ఒక్కొక్క చుట్టులో ప్రతి యొక్కటి రెండగును. ముప్పది చుట్లు తిరుగునప్పటికి ఒక్క ముక్క 107 కోట్ల ముక్కలగును. వడ్ల గింజ రెట్టింపుల లెక్క తెలిసినవారు దీనికి ఆశ్చర్యపడనవసరము లేదు.

చేయుట మాత్రము సులభము కాదు. విద్యార్థి తొలుత నేర్చునది మైక్రోపిపెట్టు అను పరికరముతో ద్రవమును కొలుచుట. ఒక నీటి చుక్కలో ఇంచుమించు 50 మైక్రోలీటర్లుండును. అతడు తీయవలసినది ఒక్కొక్కప్పుడు ఒక్క మైక్రోలీటరే. అందుచేత మంచి ప్రయోగశాలలో మొదట నీటిని కొలిపించి, త్రాసులో తూచి చూపింతురు. ఒక మైక్రోలీటరు నీరు ఒక మిల్లిగ్రాము తూగవలెను. బొటనవ్రేలు తొందరపడిన ఎక్కువ వచ్చును, బద్ధకించిన తక్కువ వచ్చును. ఎన్ని పుస్తకములు చదివినను ఈ విద్య పుస్తకము నుండి రాదు. నాగలి పట్టుట వంటిదే.

రెండవది, శుభ్రత. పి.సి.ఆర్. ఒక ముక్కను కోట్లుగా చేయునని చెప్పితిమి గదా. ప్రక్క గొట్టములోని అణువంత తుంపర పడినను అదియు కోట్లగును. కనుక ప్రతిసారియు ఏ డి.ఎన్.ఏ.యు చేర్చని ఒక గొట్టమును నీటితో పెట్టవలెను. మనము క్రొత్త ఎరువును పరీక్షించునప్పుడు ఎరువు వేయని మడిని ఒకటి విడుచుట వంటిది ఇది. ఆ నీటి గొట్టములో కూడ ఫలితము కనబడినచో ఆ దినపు పని యంతయు పారవేసి మరల మొదలుపెట్టవలెను. పారవేయుటకు మనసొప్పని విద్యార్థి ఈ వృత్తికి తగడు. ఫలితము చూచుటకు వాడు రంగు డి.ఎన్.ఏ.కు అంటుకొను గుణము కలది. కనుకనే అది మన ఒంటికి మంచిది కాదు. చేతి తొడుగులు వేసికొని పనిచేయుటయు, ఆ తొడుగులతో తలుపు గడియ ముట్టకుండుటయు తొలి వారములోనే అలవాటు కావలెను.

మూడవది, వ్రాత. 14వ సంఖ్య మొక్క ఆకును 41 అని వ్రాసినచో పనికిరాని మొక్కను నాటి, పనికివచ్చు మొక్కను పెరికివేయుదుము. ఆ తప్పు కోతనాటికి గాని బయటపడదు. ఒక పంటకాలము వృథా యగును. అందుకే ప్రయోగశాల దినచర్య పుస్తకమును ఏ రోజుది ఆ రోజు, చెరిపివేతలు లేకుండ, సిరాతో వ్రాయింతురు. ఉద్యోగమిచ్చు సంస్థలు ముఖాముఖి పరీక్షలో ఈ పుస్తకమును గురించి ప్రశ్నించుట కలదు. మీరు చేసిన ప్రయోగము చెడినప్పుడు కారణ మెట్లు కనుగొంటిరని అడుగుదురు. స్వయముగా చేయనివాడు ఇచ్చట ఒక్క నిమిషములో దొరికిపోవును.

రెండు దారులు

బి.ఎస్‌సి. అగ్రికల్చరు చదివినవారు వ్యవసాయ విశ్వవిద్యాలయములలో అణు జీవశాస్త్రము, బయోటెక్నాలజీ విషయముగా ఎమ్.ఎస్‌సి. చేయవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి. రంగా పేరనున్న విశ్వవిద్యాలయము, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ పేరనున్న విశ్వవిద్యాలయము ఇందుకు కలవు. భారత వ్యవసాయ పరిశోధన మండలి తరఫున జరుగు అఖిల భారత ప్రవేశ పరీక్ష వ్రాసినచో ఇతర రాష్ట్రముల విశ్వవిద్యాలయములలోను సీటు రావచ్చును. వృక్ష, జంతు, సూక్ష్మజీవ, రసాయన శాస్త్రములతో మామూలు బి.ఎస్‌సి. చదివినవారికి రెండవ దారి కలదు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 1986లో ఏర్పడినది. ఆ శాఖ సహాయముతో నడచు ఎమ్.ఎస్‌సి. తరగతులకు గాట్-బి అను అఖిల భారత పరీక్ష ద్వారా ప్రవేశము లభించును. చేరినవారికి నెలనెలా విద్యార్థి వేతనము కూడ ఇత్తురు. హైదరాబాదు విశ్వవిద్యాలయము వంటివి ఈ కోవలోనివి. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు ఆయా రాష్ట్రముల ప్రవేశ పరీక్షలు వేరుగా కలవు.

పరీక్షలో మంచి స్థానము రానివారి ముందుకు మరొక సదుపాయము వచ్చును: డబ్బు కట్టిన చేర్చుకొను కళాశాల. వీనిలో మంచివి లేకపోలేదు. కాని బయోటెక్నాలజీ అను పేరుకు గిరాకి వచ్చినప్పుడు బోర్డు కట్టి, ప్రయోగశాల కట్టని కళాశాలలును కొన్ని వెలసినవి. ఎకరము అమ్మి పిల్లను చేర్పించు తండ్రి ఒక పూట పని మానుకొని ఆ కళాశాలకు పోయి స్వయముగా చూచి వచ్చిన నష్టము లేదు. ఇంగ్లీషు రానక్కరలేదు. పి.సి.ఆర్. యంత్రమును చూపింపుడని అడుగవలెను. దానిపై దుమ్ము గుడ్డ కప్పియున్నదా, ప్రక్కన విద్యార్థులు వంతుల పట్టిక వ్రాసికొన్నారా అని గమనించవలెను. ఒక్కొక్క విద్యార్థి స్వయముగా ప్రయోగము చేయునా, లేక ఇరువదిమంది చుట్టు నిలిచి ఒకరు చేయగా చూతురా యని రెండవ సంవత్సరపు పిల్లలనే అడుగవలెను, అధ్యాపకులను కాదు. కడపటి ఆరు నెలల ప్రాజెక్టు ఎచ్చట చేయుదురను ప్రశ్న అన్నిటికన్న ముఖ్యమైనది. డబ్బు పుచ్చుకొని ప్రాజెక్టు పుస్తకము తయారుచేసి యిచ్చు కేంద్రములున్నవి. ఆ పుస్తకము బైండింగు చక్కగనే యుండును. దానితో వచ్చిన పట్టాకు ముఖాముఖి పరీక్షలో ఏమగునో పైన చెప్పియే యున్నాము.

కాలము, ఖర్చు

ఎమ్.ఎస్‌సి. రెండేండ్లు. పరిశోధకులు కాదలచిన వారికి పిమ్మట పి.హెచ్.డి. సుమారు అయిదేండ్లు పట్టును. ఇంత దీర్ఘకాలమా యని భయపడు తలిదండ్రులు ఒక సంగతి గమనించవలెను. పి.హెచ్.డి.కి భూమి తాకట్టు పెట్టనవసరము లేదు. సంవత్సరమునకు రెండు పర్యాయములు జరుగు సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్షలో పరిశోధక వేతనమునకు ఎన్నికైన వారికి నెలకు 37,000 రూపాయలు, రెండేండ్ల పిమ్మట పనిని సమీక్షించి 42,000 రూపాయలు ఇచ్చునట్లు 2023 జనవరి నుండి హెచ్చించిరి. ఇంటి అద్దె భత్యము దీనికి అదనము. అనగా మంచి విద్యార్థి పి.హెచ్.డి. కాలములో ఇంటికి భారము కాడు. అమెరికా పోదలచిన వారు కూడ ఈ భేదము నెరుగవలెను. అచ్చట జీవశాస్త్రములలో పి.హెచ్.డి. విద్యార్థులకు సామాన్యముగా విశ్వవిద్యాలయమే జీతమిచ్చి, ఫీజు భరించును, ఎమ్.ఎస్. విద్యార్థి చాల వరకు తన ఖర్చు తానే పెట్టుకొనవలెను. లక్షలు అప్పుచేసి ఎమ్.ఎస్.కు పంపుటకంటె, ఇచ్చట ఎమ్.ఎస్‌సి. గట్టిగా చదివించి పి.హెచ్.డి.కి ప్రయత్నింపజేయుట మేలని మా అభిప్రాయము.

ఎమ్.ఎస్‌సి.తో ఆగినవారికి వెంటనే గొప్ప జీతము వచ్చునని మేము చెప్పము. పరిశోధన సంస్థలలో మొదట దొరకునవి ప్రాజెక్టు ఉద్యోగములు. ప్రాజెక్టు ముగియగానే అవియు ముగియును. అయినను ఆ కాలము వృథా కాదు. చేతి పని అచ్చటనే పదునెక్కును.

ఎవరికి ఈ పనివారు కావలెను?

ముందుగా విత్తనమునకు. సంకర విత్తనము స్వచ్ఛమైనదా కాదా యని తెలిసికొనుటకు పొలములో పెంచి చూచు పరీక్షకు దాదాపు ఒక పంటకాలము పట్టును. డి.ఎన్.ఏ. పరీక్షకు కొద్ది రోజులు చాలును. విత్తన కంపెనీలు అందుకే ప్రయోగశాలలు పెట్టుకొన్నవి. ప్రభుత్వమునకును ఇవి కావలెను; గుంటూరులో వ్యవసాయ శాఖ పక్షమున డి.ఎన్.ఏ. ప్రయోగశాల కలదు. బి.టి. ప్రత్తి 2002లో అనుమతి పొందినది. అనుమతి లేని ప్రత్తి విత్తనములు, ఒక పేరుతో మరొకటి నింపిన సంచులు పట్టుబడినప్పుడు అందులో ఏ జన్యువున్నదో తేల్చవలసినది ఈ పరీక్షయే. నకిలీ విత్తనము వేసి నష్టపడిన రైతు తన గోడు ఎంత చెప్పుకొన్నను, కాగితము మీద నిలుచునది ప్రయోగశాల నివేదిక. ఆ నివేదిక వ్రాయు చేయి శిక్షణ పొందినదై యుండుట రైతుకే అందరికన్న ఎక్కువ అవసరము. టిష్యూకల్చరు అరటి మొక్కలు అమ్ముటకు ముందు వాటిలో వైరసు లేదని పరీక్షించుటకు కూడ ఇట్టి వారే కావలెను.

టీకాల పరిశ్రమ మరొకటి. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను జన్యు పద్ధతిలో తయారుచేసి విడుదల చేసినది. మన దేశములో అట్టి టీకాలలో అదియే మొదటిది. నాటి నుండి షామీర్‌పేట ప్రాంతపు జీనోమ్ వ్యాలీలో టీకాల, మందుల సంస్థలు అనేకము పెరిగినవి. ఉత్పత్తి, నాణ్యత పరీక్ష విభాగములలో ఎమ్.ఎస్‌సి. వారికి పనులు కలవు. ఇచ్చట పగలు, రాత్రి వంతులుండును.

ఇక జన్యువులోని అక్షరములను దిద్దు విద్య ఇటీవల వచ్చినది. 2025 మే 4న కేంద్ర ప్రభుత్వము ఈ విధముగా తయారైన రెండు వరి రకములను ప్రకటించినది. కమల అనునది, అనగా డి.ఆర్.ఆర్. ధాన్ 100, మన సాంబ మసూరి నుండి రాజేంద్రనగరులో తయారైనది. కంకిలో గింజల సంఖ్యను అదుపుచేయు జన్యువును అందులో దిద్దిరి. పూసా డి.ఎస్.టి. 1 అనునది మారుటేరు వారి కాటన్‌దొర సన్నాలు, అనగా ఎం.టి.యు. 1010 నుండి ఢిల్లీలో తయారైనది. రెండింటికిని తల్లి రకములు మన నేల మీద పుట్టినవే. వానిని పెంచిన రైతుల పిల్లలు వానిని దిద్దు బల్ల దగ్గర కూడ కూర్చుండవలెనని కోరుట అత్యాశ కాదు. ఆకు ఎండు తెగులు సోకిన చేను ఎట్లుండునో, నారు ఎప్పుడు ముదురునో వారికి చిన్ననాడే తెలియును. పట్టణములో పెరిగిన తోటి విద్యార్థి దానిని పొలములో దిగి క్రొత్తగా నేర్చుకొనవలెను. అయితే ఇంగ్లీషులో తడబడి, తరగతిలో వెనుక బల్లపై కూర్చుండి, ప్రశ్న అడుగుటకు జంకు పిల్లలు వీరిలోనే ఎక్కువ. తొలి ఆరు నెలలు ఇంటివారు ధైర్యము చెప్పుచుండవలెను. మార్కులు తగ్గినవని మందలించుటకు అది సమయము కాదు.

గ్రామములోని అధికారులకు ఒక మనవి. ప్రవేశ పరీక్షల దరఖాస్తులు చాలవరకు శీతకాలము చివర మొదలై వేసవిలో ముగియును. ఒక్కొక్క పరీక్షకు గడువు వేరు. ఆదాయ, కుల ధ్రువపత్రములు గడువు దగ్గరపడిన పిమ్మట అడిగిన దొరకక, సీటు వచ్చియు చేరలేకపోవు పిల్లలుందురు. మీ గ్రామమున బి.ఎస్‌సి. చివరి సంవత్సరము చదువుచున్నవారి పేర్లు సంక్రాంతి నాటికి వ్రాసికొని, పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడే పిలిచి ఆ పత్రముల పని ముగించిన సరిపోవును.